బంగారు చేపకు బిందెడు నీళ్లు చాలవు!

కొన్నేళ్ల కిందట మా ఇంట్లో ఆర్నెల్లలో ఆరు చావులు జరిగాయి. కంగారు పడకండి, చచ్చిపోయింది మనుషులు కాదు... గోల్డ్‌ఫిష్‌లు. కానీ ఏడేళ్ల పిల్లకు ఆ తేడా ఎలా చెప్తాం?

మా పాప పుట్టినరోజుకు కరీంనగర్ బజార్లో గుండ్రటి గాజు గిన్నె, రెండు చేపలు కొన్నాం. గిన్నెలో నాలుగు లీటర్ల నీళ్లు పడతాయేమో. "గింత చిన్నదాంట్ల బతుకుతయా?" అని మావారు అనుమానపడితే, "చిన్న చేపలే గదన్నా, గిన్నెను బట్టే పెరుగుతయి" అన్నాడు దుకాణం అబ్బాయి. మృగశిర కార్తెకు చేపల పులుసు వండని ఇల్లుండని ఊరు మాది. మా అత్తమ్మ ఆ గిన్నెను చూసి, "చేపను పొయ్యి మీద పెట్టాలె గని టేబుల్ మీద పెడ్తరా?" అని ఒకటే నవ్వు.

ఆరో రోజు పొద్దున ఒక చేప వెల్లకిలా తేలింది. మర్నాటికి రెండోదీ పోయింది. పాప ఏడుపు విని పక్కింటి అవ్వ వచ్చింది. "ఏడ్వకు బిడ్డా, మీ ఇంటికొచ్చే కీడును అది మోసుకపోయింది. మంచిదే" అంది. ఆ మాటతో నాకూ మనసు తేలికపడింది. మళ్లీ రెండు కొన్నాం, పోయాయి. మళ్లీ రెండు... అవీ పోయాయి. మూడోసారి పాప ఏడవలేదు. "అమ్మా, మనింటికే ఇన్ని కీడులు ఎందుకొస్తున్నయి?" అని భయంభయంగా అడిగింది.

ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. డిగ్రీ దాకా చదువుకున్నదాన్ని, నాలుగు కథలు రాసినదాన్ని... ఆరు ప్రాణాలు పోతే కీడు మీదికి నెట్టేసి ఊరుకున్నానే గానీ, ఎందుకు పోతున్నాయని ఒక్కసారైనా ఆలోచించానా?

తప్పు నా శుభ్రతదే!

మా పిన్ని కొడుకు జువాలజీ లెక్చరర్. మంచిర్యాల నుంచి వచ్చినప్పుడు వాడి ముందు ఈ గోడు వెళ్లబోసుకున్నాను.

"నీళ్లు ఎట్ల మారుస్తున్నవక్కా?" అన్నాడు.

"ప్రతి ఆదివారం మొత్తం పారబోస్తనురా. గిన్నె, గులకరాళ్లు గిన్నెల సబ్బుతోటి తళతళ తోమి, నల్లా నీళ్లు పోస్త" అన్నాను గర్వంగా.

వాడు తల పట్టుకున్నాడు. "చేపలను నువ్వే చంపినవ్ పో!"

వాడు చెప్పిన సంగతులు, ఆ తర్వాత నేను చదివి, చేసి తెలుసుకున్న సంగతులు ఇవీ. మీ ఇంట్లోనూ గాజు గిన్నె ఉంటే కాస్త ఓపిగ్గా చదవండి.

చేప నీళ్లలోనే తింటుంది, నీళ్లలోనే విసర్జిస్తుంది. మొప్పల నుంచి కూడా అమ్మోనియా వదులుతుంది. అది చేపకు విషం. చెరువులోనైతే బోలెడన్ని నీళ్లు కాబట్టి పలచబడిపోతుంది. నాలుగు లీటర్లలో ఎక్కడికి పోతుంది? కిటికీలు మూసి, బయటికి దారిలేని గదిలో కట్టెల పొయ్యి వెలిగించి మనల్ని కూర్చోబెడితే ఎలా ఉంటుందో, చిన్న గిన్నెలో దాని పరిస్థితి అంతే. నీళ్లు కంటికి అద్దంలా కనిపిస్తాయి. అమ్మోనియాకు రంగు ఉండదు కదా!

మరి అక్వేరియంలో చేపలు ఏళ్లకేళ్లు ఎలా బతుకుతాయి? ఇక్కడే ఉంది కిటుకు. పాలకు తోడు పెడతాం చూడండి, అలాగే తొట్టికీ ఒక 'తోడు' ఉంటుంది. కంటికి కనిపించని మంచి బ్యాక్టీరియా ఫిల్టర్‌లోని స్పాంజికి, గులకరాళ్లకు అంటుకుని పెరుగుతుంది. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. దాన్ని ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ మితంగా ఉంటే చేపకు పెద్దగా హాని లేదు. వారం వారం కొన్ని నీళ్లు మారిస్తే అదీ తగ్గుతుంది.

నేనేం చేశాను? ఆదివారం ఆదివారం ఆ తోడును సబ్బుతో కడిగి పారేశాను. పైగా నల్లా నీళ్లలోని క్లోరిన్ మనకు రోగాలు రాకుండా సూక్ష్మజీవులను చంపేది. అది చేప మొప్పలను కాలుస్తుంది, మిగిలిన తోడునూ చంపుతుంది. తోడు లేకుండా పాలు తోడుకోవడం లేదని ఏడిస్తే ఎలా?

ఎన్ని బిందెల నీళ్లు కావాలి?

దుకాణాల్లో లీటర్లు, గ్యాలన్లు అని చెప్తారు. మనకు బిందె లెక్కయితే సులువు. మామూలు బిందెలో సుమారు 15 లీటర్లు పడతాయనుకుందాం.

గుండ్రటి ఒళ్లు, జంట తోకలు ఉండే ఒరండా, ఫ్యాన్‌టెయిల్, బ్లాక్ మూర్ లాంటి రకాలైతే మొదటి చేపకు 75 లీటర్లు, అంటే ఐదు బిందెలు. ఆ పైన ఒక్కో చేపకు 40 లీటర్లు. అంటే రెండు చేపలకు ఇంచుమించు ఎనిమిది బిందెలు! ఇవి పెరిగితే ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు అవుతాయి. పొడుగాటి ఒళ్లు, ఒంటి తోక ఉండే మామూలు గోల్డ్‌ఫిష్, కామెట్ రకాలు ఇంకా పెద్దవి, అడుగు దాకా పెరగగలవు. వాటికి ఇంట్లో తొట్టి కంటే పెరట్లో సిమెంటు హౌజే నయం.

ఆశ్చర్యంగా ఉందా? గోల్డ్‌ఫిష్ మన చేపల మార్కెట్లో దొరికే బంగారు తీగకు దగ్గరి చుట్టం. బొచ్చె, రవ్వ కూడా ఆ కుటుంబానివే. చైనాలో వెయ్యేళ్ల కిందట, సాంగ్ రాజుల కాలంలో, బూడిదరంగు చెరువు చేపల్లో అరుదుగా పుట్టే ఎర్ర, పసుపు చేపలను ఏరి పెంచగా పెంచగా వచ్చిన జాతి ఇది. వాళ్లు పెంచింది తోటల్లోని కొలనుల్లో, గాజు గిన్నెల్లో కాదు. బంగారు తీగను గిన్నెలో పెంచుతామంటే నవ్వుతాం కదా, దాని చుట్టాన్ని మాత్రం టీవీ పక్కన బొమ్మలా పెడతాం!

"రెండడుగుల తొట్టి చాలదా?" అంటారేమో. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉంటే నిండా పోసినా 56 లీటర్లే. నాలుగు బిందెలు కూడా లేవు. ఒక్క చేపకే ఇరుకు. మేం చివరికి చేయించింది మూడడుగుల పొడవు, అడుగుంబావు వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్నది. పైన రెండు మూడంగుళాలు వదిలి పోస్తే తొమ్మిది బిందెలు పట్టింది. నిటారుగా ఉండే తొట్టి కంటే వెడల్పుగా ఉండేదే మేలు. గాలి నీళ్లలో కలిసేది పైభాగం నుంచే కదా. గుండ్రటి గిన్నె మెడ దగ్గర సన్నబడుతుంది, అందుకే గాలి కూడా కరువే.

ఒక హెచ్చరిక. లీటరు నీళ్లంటే కిలో బరువు. రాళ్లు, అద్దాలు కలిపితే మా తొట్టి రెండు క్వింటాళ్లకు దగ్గర పడుతుంది. టీపాయి మీదో, గోడకు కొట్టిన చెక్క మీదో పెట్టకండి. గట్టి ఇనుప స్టాండ్, దాని మీద చెక్క, చెక్కకూ తొట్టికీ మధ్య థర్మోకోల్ షీటు ఉండాలి.

సర్దుకుపోతుందా?

"గిన్నెను బట్టి చేప పెరుగుతుంది" అన్న మాట చాలామంది నోట వింటాం. చిన్న గిన్నెలో చేప చిన్నగా ఉండిపోయే మాట నిజమే. కానీ అది సర్దుకుపోవడం కాదు, గిడసబారడం. మురికి నీళ్లలో ఎదుగుదల ఆగిపోతుంది, వెన్ను వంగుతుంది, రోగాలు వస్తాయి, ఆయుష్షు తీరకుండానే పోతుంది. సరిగ్గా చూసుకుంటే పది పదిహేనేళ్లు బతికే ప్రాణి అది. ఇంగ్లాండులో 1956లో సంతలో బహుమతిగా వచ్చిన 'టిష్' అనే గోల్డ్‌ఫిష్ 1999 దాకా, 43 ఏళ్లు బతికింది!

సర్దుకుపోవడం అనే మాట మన ఆడవాళ్లకు కొత్తదేం కాదు. నోరు లేని వాళ్ల గురించే ఆ మాట ఎక్కువగా వాడతారని కూడా మనకు తెలుసు. కనీసం మన చేతిలో ఉన్న నోరులేని జీవి విషయంలోనైనా ఆ మాట మనం అనకుండా ఉందాం.

దానికి మతి ఉండదు, మూడు క్షణాల్లో అన్నీ మరిచిపోతుందని అంటారు. అదీ అబద్ధమే. నేర్పిన సంగతిని గోల్డ్‌ఫిష్ నెలల తరబడి గుర్తుంచుకుంటుందని పరిశోధనల్లో తేలింది. 2022లో ఇజ్రాయెల్‌లోని బెన్ గురియన్ విశ్వవిద్యాలయం వాళ్లు చక్రాల మీద తొట్టి పెట్టి, చేప ఈదే దిక్కుకు బండి కదిలేలా చేస్తే, అది గదిలో గురి చూసుకుని బండి నడపడం నేర్చుకుంది! ఇటలీలో మోంజా పట్టణం 2004లో, రోమ్ నగరం 2005లో గుండ్రటి గిన్నెల్లో చేపలను పెంచడాన్నే నిషేధించాయి. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2017లో అక్వేరియం చేపల గురించి నిబంధనలు తెచ్చి, తర్వాత వెనక్కి తీసుకుంది. చట్టం లేకపోతేనేం, మనసు ఉంది కదా!

తోడు పెట్టడం ఇలా

తొట్టి కొన్న రోజే చేపలు కొనకండి. ముందు నీళ్లు నింపి, ఫిల్టర్ నడపండి. తోడు పూర్తిగా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఉత్త నీళ్లు తిరిగితే తోడు పెరగదు, దానికీ తిండి కావాలి. రోజూ చిటికెడు చేప మేత వేస్తే అది కుళ్లి అమ్మోనియా పుడుతుంది. తెలిసినవాళ్ల ఇంట్లో ఆరోగ్యమైన తొట్టి ఉంటే వాళ్ల ఫిల్టర్ స్పాంజి ముక్క అడిగి తెచ్చుకోండి. పక్కింట్లో తోడు చెంచాడు అడిగినట్టే! అక్వేరియం దుకాణాల్లో చుక్కల మందుతో నీటి పరీక్ష చేసే కిట్లు దొరుకుతాయి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తేనే చేపలను తేవాలి.

ఆ తర్వాత వారానికోసారి నాలుగో వంతు నీళ్లు మారిస్తే చాలు. మా తొట్టికి రెండు మూడు బిందెలు. గులకరాళ్ల మధ్య పేరుకున్న మురికిని పైపుతో లాగేయాలి. ఫిల్టర్ స్పాంజిని నల్లా కింద కాకుండా, తీసిన తొట్టి నీళ్లలోనే నెమ్మదిగా పిండాలి. సబ్బు, సర్ఫు ఆ దరిదాపులకే రాకూడదు.

కొత్త నీళ్లను వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో ఒక రోజంతా మూత లేకుండా ఉంచితే మామూలు క్లోరిన్ పోతుంది. తొందరుంటే దుకాణంలో దొరికే యాంటీ క్లోరిన్ మందు వేయొచ్చు. ఒకప్పుడు ఫోటో స్టూడియోల్లో వాడిన హైపో కూడా ఈ పనికొస్తుంది, బిందెకు కందిగింజంత పలుకు చాలు. రాగి బిందెలో నిలవ ఉంచిన నీళ్లు మాత్రం పోయకండి. రాగి చేపలకు పడదు. బోరు నీళ్లు కాస్త గరుకుగా ఉన్నా గోల్డ్‌ఫిష్‌కు ఫరవాలేదు. పట్టగానే పోయకుండా కొన్ని గంటలు నిలవ ఉంచి, బాగా తిరగకలిపి పోయండి.

మన ఎండలు, మన చలి

నా పుట్టిల్లు ఆదిలాబాద్, మెట్టినిల్లు కరీంనగర్. రెండు చోట్లా చేపల పెంపకం తిప్పలు వేరు. ఆదిలాబాద్‌లో డిసెంబరు, జనవరిల్లో రాత్రిపూట పది డిగ్రీల కంటే కిందికి పోయే రోజులుంటాయి. అక్కడ మా చెల్లె ఓ పొద్దున ఫోన్ చేసి, "అక్కా, చేపలు కదుల్తలేవు, జెర్రన్ని వేడినీళ్లు పొయ్యాల్నా?" అంది. "పొయ్యకు తల్లీ, పులుసైతది!" అన్నాను. గోల్డ్‌ఫిష్ చల్లనీళ్ల చేప. దానికి హీటర్ అక్కర్లేదు. చలికి మందగిస్తుంది, తిండి తగ్గిస్తుంది, అంతే. మేత తగ్గించి ఊరుకోవాలి. దానికి పడనిది నీళ్ల వేడి హఠాత్తుగా రెండు మూడు డిగ్రీలకు మించి మారడం.

అసలు గండం మన ఎండాకాలమే. రామగుండం, పెద్దపల్లి వైపు మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. వేడికి చేపకు కావాల్సిన గాలి మాత్రం పెరుగుతుంది. చేపలు పైకొచ్చి నోరు తెరిచి గుటకలు మింగుతుంటే ఆకలనుకుని మేత వేయకండి. అది ఊపిరాడక!

అందుకే తొట్టిని కిటికీకి దూరంగా, ఇంట్లో చల్లటి మూల పెట్టండి. గాలి పంపు ఎప్పుడూ నడవాలి. మూత బదులు వల కప్పి ఫ్యాను గాలి నీళ్ల మీదికి తగిలేలా చేస్తే వేడి కాస్త తగ్గుతుంది. మరీ ఎక్కువైతే సీసాలో నీళ్లు గడ్డకట్టించి, మూత బిగించి తేలనివ్వండి. మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నీళ్లు కాగినట్టుంటాయి, అవి పట్టి చల్లారాకే వాడండి. కరెంటు పోతే? బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపులు దొరుకుతాయి. అదీ లేకపోతే చెంబుతో నీళ్లు ముంచి జానెడు ఎత్తు నుంచి మళ్లీ తొట్టిలోకే పోస్తూ ఉండాలి.

చిటికెడు మేత, పిడికెడు జాగ్రత్త

గోల్డ్‌ఫిష్‌కు జీర్ణాశయం ఉండదు, తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. అందుకే ఎప్పుడూ ఆకలిగా ఉన్నట్టే కనిపిస్తుంది. రోజుకు ఒకటి రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేసేంత వేయండి. మిగిలింది కుళ్లి మళ్లీ అమ్మోనియానే. వారానికోసారి పొట్టు తీసి ఉడికించిన బఠాణీ, కాస్త ఉడికిన పాలకూర పెట్టొచ్చు. అన్నం, బ్రెడ్డు, పేలాలు వద్దు. గుండ్రటి ఒంటి చేప తలకిందులుగా తేలుతుంటే ఒకటి రెండు రోజులు పస్తుంచి చూడండి. మేతను కాసేపు నానబెట్టి వేస్తే ఆ బాధ కొంత తగ్గుతుంది.

ఒంటి మీద రవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలు కనిపించినా, రెక్కలు ముడుచుకుని మూల కూర్చున్నా ముందు నీళ్లు పరీక్షించండి. చాలా జబ్బులకు మొదలు నీళ్లలోనే ఉంటుంది. వేరే టబ్బులో ఉంచి, లీటరుకు ఒకటి నుంచి మూడు గ్రాముల దొడ్డుప్పు కరిగించి కొద్దికొద్దిగా కలిపితే తొలిదశలో ఉపశమనం ఉంటుంది. తగ్గకపోతే పశువైద్యులనో, అనుభవమున్న వాళ్లనో అడగండి. కొత్త చేపను తెచ్చిన వెంటనే పాతవాటితో కలపకండి. సంచీని పావుగంట నీళ్లలో తేలనిచ్చి, విడి టబ్బులో వదిలి, రెండు మూడు వారాలు గమనించాకే కలపండి.

దోమల మందు స్ప్రే కొట్టేటప్పుడు జాగ్రత్త! మనుషులకు పెద్దగా తెలియని ఆ మందు చేపలకు కాలకూటం. గాలి పంపు దాన్ని లాగి నీళ్లలో కలుపుతుంది. చేపలున్న గదిలో కొట్టకపోవడమే మంచిది. అలాగే స్విచ్ తీయకుండా తొట్టిలో చెయ్యి పెట్టకండి. వేలికి గాయం ఉంటే తొడుగు వేసుకోండి, పని కాగానే చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఇంకొక్క మాట. చూసుకోలేక విసిగిపోయినా చేపలను తీసుకెళ్లి మానేరులోనో, ఊరి చెరువులోనో వదలకండి. పుణ్యం అనుకుంటాం గానీ అది పాపమే. గోల్డ్‌ఫిష్ అడుగు బురదను కెలికి మొక్కలను, గుడ్లను తినేస్తుంది, రోగాలను మోసుకెళ్తుంది. తొట్టి శుభ్రం చేస్తుందని అమ్మే సక్కర్ క్యాట్‌ఫిష్ ఇలాగే బయటపడి మన తెలుగు రాష్ట్రాల నీళ్లలో పెరిగి, 'దెయ్యం చేప'గా జాలర్ల వలలు చింపుతోంది. చెరువు మీద బతికే గంగపుత్రుల, ముదిరాజుల కూటి సంగతి కూడా మనం చూడాలి కదా! వద్దనుకుంటే తిరిగి దుకాణానికో, పెద్ద తొట్టి ఉన్నవాళ్లకో ఇవ్వండి.

ఇప్పుడు మా ఇంట్లో...

ఆ గాజు గిన్నెలో ఇప్పుడు మనీప్లాంట్ పెరుగుతోంది. తొమ్మిది బిందెల తొట్టిలో రెండు ఒరండాలు తిరుగుతున్నాయి. వచ్చి నాలుగేళ్లు దాటింది. అప్పుడు బొటనవేలంత, ఇప్పుడు నా అరచేయంత. మా పాపకు పన్నెండో ఏడు. ఆదివారం నీళ్లు మార్చే పని దానిదే. అడుగుల చప్పుడు గుర్తుపట్టి ఆ చేపలు దాని వైపే పరుగెత్తుతాయి, నన్ను చూసి రావు!

పోయిన మే నెలలో ఓ సాయంత్రం గాలిదుమారానికి కరెంటు పోయింది. మూడు గంటలైనా రాలేదు. మేమిద్దరం స్టూళ్లేసుకుని, వంతులవారీగా చెంబుతో నీళ్లు ముంచి పోస్తూ కూర్చున్నాం. పక్కింటి అవ్వ కొవ్వొత్తి పట్టుకుని వచ్చి చాలాసేపు చూసింది.

"ఇంత కష్టమెందుకే బిడ్డా? పోతే పోతయి, కీడు పోయిందనుకోరాదు?" అంది.

నేను నోరు విప్పేలోపే మా పాప చెంబు దించకుండానే అంది: "కీడు కాదవ్వా, కరెంటు పోయింది. గంతే!"

అవ్వ నవ్వి, కొవ్వొత్తి తొట్టి పక్కన నిలబెట్టి, "ఇటియ్యి, నీ చేతులు గుంజుతుండొచ్చు" అంటూ చెంబు అందుకుంది.